రాళ్లే కాదు, తిత్తి ఏమైందో అడగండి

పంజగుట్ట: తెల్లవారేసరికి అమీర్‌పేటలో బస్సు దిగి, రిపోర్టుల సంచి చంకన పెట్టుకుని పంజగుట్ట నిమ్స్ వైపు సాగేవారు రోజూ కనిపిస్తారు. ఎముకల ఆసుపత్రిగా మొదలై, 1989 చట్టంతో విశ్వవిద్యాలయ హోదా పొందిన ఆసుపత్రి ఇది. జిల్లాల నుంచి ఇక్కడికి వచ్చేవారిలో పిత్తాశయ క్యాన్సర్ రోగులూ ఉంటారు. వారి బంధువులు అడిగేది ఒక్కటే: ‘‘మనిషి దక్కుతాడా?’’

పిత్తాశయం అంటే కాలేయం కింద పసరు నిలవచేసే చిన్న తిత్తి. అందులో పుట్టిన క్యాన్సర్ ఎంత ఉధృతంగా ఉందో తెలుసుకోవడానికి వైద్యులు కొన్ని మాంసకృత్తులను కూడా చూస్తారు. రక్తంలో చూసేవి సీఈఏ, సీఏ 19-9. ఇవి బాగా పెరిగితే జబ్బు ముదిరిందేమోనని అనుమానిస్తారు. ఆపరేషన్ తర్వాత తగ్గి మళ్లీ పెరిగితే, తిరగబెట్టిందేమోనని వెదుకుతారు. అయితే పసరు దారి మూసుకుని కామెర్లు వచ్చినా సీఏ 19-9 పెరుగుతుంది. కొందరి ఒంట్లో అది తయారే కాదు. కనుక ఆ అంకె ఒక్కటే చూసి దిగులు పడనక్కరలేదు, ధీమాగా ఉండనూ కూడదు.

మరికొన్నింటిని కోసి తీసిన ముక్కలోనే చూడాలి. కేఐ-67 ఎక్కువుంటే కణాలు చురుగ్గా పెరుగుతున్నట్లు లెక్క. హెర్-2 బాగా ఎక్కువుంటే దాన్నే గురిపెట్టే మందులున్నాయి. ముదిరిన ఇలాంటి గడ్డలకు వాటిలో ఒకదాన్ని అమెరికా 2024లో అనుమతించింది. ఎన్ని ఉన్నా మొదటి మాట జబ్బు దశదే. తిత్తి గోడలో ఎంత లోతుకు దిగింది, కాలేయానికి పాకిందా అన్నదే ముఖ్యం.

రాళ్లున్న వారిలో అత్యధికులకు ఈ క్యాన్సర్ రాదు. కానీ కొందరికి రాళ్లకని ఆపరేషన్ చేశాకే బయటపడుతుంది. సీసాలో పోసిచ్చిన రాళ్లను ఇంటికి తెచ్చుకుంటారు గానీ, తిత్తి ఏమైందని అడగరు. దాన్ని ముక్క పరీక్షకు పంపకుండా పారేస్తే, జబ్బు ఉన్నా తెలియదు. పంపితే ముక్కను మైనపు దిమ్మెలో భద్రపరుస్తారు. తర్వాత అవసరమైనా అందులోనే మాంసకృత్తుల పరీక్ష చేయవచ్చు.

అందుకే ఆపరేషన్‌కు ముందే ముక్క పరీక్ష సంగతి అడగాలి. జబ్బు తేలి పట్నం రావలసి వస్తే రిపోర్టుతోపాటు ఆ దిమ్మెనూ, గాజు పలకలనూ అడిగి వెంట తెచ్చుకోవాలి. వైద్యుడికి అవే అసలు సాక్ష్యం.