ఆటిజం: తల్లి తప్పు కాదు

బిడ్డకు ఆటిజం ఉందని డాక్టరుగారు చెప్పగానే, "నేనేం తప్పు చేశానమ్మా?" అని చాలామంది తల్లులు మమ్మల్ని అడుగుతారు. ఇంట్లోవారు కూడా "ఉద్యోగానికి వెళ్లావు, టీకాలు వేయించావు" అని ఆమెనే అంటారు. అది నిజం కాదు. తల్లి ప్రేమ చాలకనే ఇలా జరుగుతుందని 1950, 60లలో అమెరికాలో కొందరు డాక్టర్లే అన్నారు. అది తప్పని తేలింది. టీకాలను అనుమానిస్తూ 1998లో వచ్చిన వ్యాసాన్ని ఆ పత్రికే 2010లో రద్దు చేసింది. ఆటిజం మెదడు ఎదుగుదలలోని తేడా. చాలావరకు పుట్టకముందే మొదలవుతుంది.

ఏడాది నిండినా పేరు పిలిస్తే చూడకపోయినా, ఏడాదిన్నరకు కావలసింది వేలితో చూపకపోయినా వెంటనే డాక్టరుకు చూపించండి. మాట, ఆట నేర్పే శిక్షణ త్వరగా మొదలైతే మేలు. కుటుంబ సభ్యులారా, తల్లిని నిందించకండి. వారానికి ఒక పూటైనా బిడ్డను మీరు చూసుకొని, ఆమెను విశ్రాంతి తీసుకోనివ్వండి.