సైరన్ మోగినప్పుడు సంఘం ఏం చేయాలి?



2025 మే 7 సాయంత్రం 4 గంటలకు హైదరాబాదులో సైరన్లు మోగాయి. పహల్గాం దాడికి జవాబుగా మన సైన్యం ఆపరేషన్ సిందూర్ చేపట్టిన రోజే, దేశంలోని అనేక జిల్లాల్లో 'ఆపరేషన్ అభ్యాస్' పేరుతో పౌర రక్షణ డ్రిల్ జరిగింది. మన నగరంలో అందుకు ఎంచుకున్న నాలుగు చోట్లలో కంచన్‌బాగ్ ఒకటి. క్షిపణులను రూపొందించే డీఆర్‌డీఎల్, వాటిని తయారుచేసే బీడీఎల్ అక్కడే ఉన్నాయి. చైతన్యపురి, దిల్‌సుఖ్‌నగర్, ఎల్‌బీ నగర్ సంఘాలకు అది పొరుగు ప్రాంతమే. కాబట్టి యుద్ధం ఎక్కడో సరిహద్దులో జరిగేది, మనకేమిటి అని అనుకోలేము.

పౌర రక్షణ అంటే ఏమిటో చాలామందికి స్పష్టత లేదు. 1968 నాటి పౌర రక్షణ చట్టం ప్రకారం అది ప్రజల ప్రాణాలను, ఆస్తులను కాపాడే పని. అసలైన పోరాటం అందులోకి రాదు. మంటలార్పడం, గాయపడినవారిని మోయడం, ప్రథమ చికిత్స, దీపాలార్పించడం, సురక్షిత స్థలాలకు చేర్చడం, ఇవే ఆ పనులు. 2009 సవరణతో వరదల వంటి విపత్తులు కూడా దాని పరిధిలోకి వచ్చాయి. క్రైస్తవుడు ఇందులో చేరడానికి మనస్సాక్షి అడ్డు రానక్కర లేదు. ఇది మంచి సమరయుడు చేసిన పనే.

ఇలాంటి సమయానికి లేఖనాల్లో మనకు దగ్గరి మాదిరి నెహెమ్యా. శత్రువులు చుట్టుముట్టినప్పుడు యూదులు ప్రార్థన చేశారు, కావలి కూడా పెట్టారు (నెహెమ్యా 4:9). ఒకటి చేసి రెండవది మానలేదు. చాలామంది తమ తమ ఇళ్ల ఎదుటి గోడను తామే కట్టుకున్నారు (3వ అధ్యాయం). పౌర రక్షణ కూడా అక్కడే, మన వీధిలోనే మొదలవుతుంది.

అయితే 5వ అధ్యాయాన్ని మనం తరచు దాటేస్తాము. గోడ లేస్తుండగానే పేదల మొర వినబడింది. ధాన్యం కోసం పొలాలు తాకట్టు పెట్టారు, పిల్లలను దాసులుగా అప్పగించారు. అప్పులిచ్చినది పరాయివారు కాదు, సొంత జనమే. నెహెమ్యా ఆ ప్రధానులను సభలో నిలదీశాడు. బయట శత్రువును ఆపే గోడ, లోపలి అన్యాయాన్ని దాచే తెర కాకూడదు.

మన దేశంలోనూ ఇది అవసరమైన పాఠమే. 1965 యుద్ధకాలంలో ధాన్యం కొరత ఉన్నప్పుడు ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి వారానికి ఒక పూట భోజనం మానమని ప్రజలను కోరారు. ఉన్నవాడు ఒక పూట మానితే లేనివాడికి గింజలు మిగులుతాయి. ఉన్నవాడు నాలుగు బస్తాలు ఎక్కువ కొని దాచుకుంటే ధర పెరుగుతుంది, ఆ భారం కూలి తల్లి మీద పడుతుంది. భయంతో చేసే నిల్వ కూడా పొరుగువాడికి చేసే కీడే.

రెండవ ప్రమాదం పుకారు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేసినప్పుడు, బాంబుల కంటే వేగంగా భయం పాకింది. ఎందరో ఇళ్లు విడిచి పల్లెలకు తరలిపోయారు. 2025 మేలో ఆ పని మన ఫోన్లు చేశాయి. ఏటీఎంలు రెండు మూడు రోజులు మూతపడతాయనే సందేశం తిరిగింది. అది అబద్ధమని ప్రభుత్వ ఫ్యాక్ట్ చెక్ విభాగం చెప్పాల్సి వచ్చింది. లేనిపోని వార్తను పుట్టించకూడదని నిర్గమకాండము 23:1 ఆజ్ఞాపిస్తోంది. సంఘపు వాట్సాప్ గ్రూపుకు కూడా ఆ ఆజ్ఞ వర్తిస్తుంది.

మూడవది ద్వేషం. ఆ రోజుల్లోనే మన నగరంలో కరాచీ బేకరీ పేరు మార్చాలని నిరసనలు జరిగాయి, శంషాబాద్ శాఖ బోర్డు మీద దాడి జరిగింది. దేశ విభజనలో సింధ్ నుండి నిరాశ్రయులై వచ్చిన కుటుంబం స్థాపించిన బేకరీ అది. అంటే శత్రువు అనుకొని కొట్టింది ఒకప్పటి బాధితులను. పొరుగువాడిని పేరును బట్టి, మతాన్ని బట్టి అనుమానించడం దేశభక్తి కాదు. అల్పసంఖ్యాకులమైన మనకు ఆ అనుమానపు చూపు ఎంత బరువో తెలుసు. తెలిసినవారమే మౌనంగా ఉంటే ఎలా?

కనుక సంఘ పెద్దలకు మా విన్నపం. ఒంటరిగా ఉంటున్న వృద్ధుల, డయాలసిస్ మీద ఉన్నవారి, బాలింతల జాబితా ఇప్పుడే తయారుచేయండి. ఒక్కొక్కరికి ఒక యౌవనస్థుడిని బాధ్యుడిగా పెట్టండి. దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో కోచింగ్ కోసం వచ్చిన పిల్లలు వేలమంది ఉన్నారు. కరెంటు ఆగిన రాత్రి వారికి మందిరపు తలుపు తెరిచి ఉండాలి, ఇంటికి ఫోన్ చేయించే పెద్ద ఒకరుండాలి. యౌవనుల కూడికలో ఒక ఆదివారం ప్రథమ చికిత్స నేర్పించండి. 112 నంబరు నోటీసు బోర్డు మీద రాయండి.

ప్రార్థనలో సైనికులను, వారి భార్యాపిల్లలను, పాలకులను జ్ఞాపకం చేసుకుందాం. సరిహద్దు అవతల అదే సైరనుకు ఉలిక్కిపడి ఏడ్చే పసిపిల్లలను కూడా మరువవద్దు. శత్రువు కోసం ప్రార్థించమన్న ప్రభువు (మత్తయి 5:44) యుద్ధకాలానికి మినహాయింపు ఇవ్వలేదు.