ఆఖరి మెగాహెర్ట్జ్‌ల ఖరీదు

విజయవాడ నుంచి ఒక పాఠకుడి ప్రశ్న: "ఇంటెల్ కోర్ ఐ9-14900కె కొని ఓవర్‌క్లాక్ చేసుకోవడం మేలా, ఏఎండీ రైజెన్ మేలా? కరెంటు ఎంత తేడా వస్తుంది?" ఏది కొనాలో చెప్పడానికి నాలుగు ముక్కలు చాలు. కానీ కరెంటు ఊసెత్తారు కాబట్టి నాకు ఊరుకోబుద్ధి కావడం లేదు.

ముందు పరిచయాలు కానిద్దాం. ప్రాసెసర్‌లోని గడియారం సెకనుకు ఎన్నిసార్లు టిక్కుమంటుందో అదే గిగాహెర్ట్జ్ లెక్క. కంపెనీ పెట్టిన హద్దు దాటించడం ఓవర్‌క్లాకింగ్. 2023 అక్టోబరులో వచ్చిన 14900కెకి 24 కోర్లు, 6 గిగాహెర్ట్జ్ గరిష్ఠ వేగం, 253 వాట్ల పరిమితి. 2024 నవంబరులో వచ్చిన రైజెన్ 7 9800ఎక్స్3డికి 8 కోర్లు, 5.2 గిగాహెర్ట్జ్, 120 వాట్లు. ఈ వాట్లు రెండూ ఒక జాతివి కావు. ఇంటెల్‌ది గరిష్ఠ పరిమితి, ఏఎండీది కూలర్ ఎంచుకోవడానికిచ్చే రేటింగు. ఏఎండీ అసలు పరిమితి 162.

ఇక నాకిష్టమైన చోటికి వద్దాం. ట్రాన్సిస్టర్ ఒక స్విచ్ అని చదువుకున్నాం. స్విచ్ వేస్తే అంత వేడెందుకు? ప్రతి ట్రాన్సిస్టర్ గేటూ ఒక బుల్లి కెపాసిటర్. సున్నాని ఒకటి చేయాలంటే దాంట్లో ఆవేశం నింపాలి, మళ్ళీ సున్నా చేయాలంటే ఖాళీ చేయాలి. నింపేటప్పుడు సరఫరా ఇచ్చిన శక్తిలో సగమే కెపాసిటర్‌కు చేరుతుంది, తక్కిన సగం దారిలోనే వేడైపోతుంది. దారిలో నిరోధం తగ్గిస్తే నష్టం తగ్గదా అంటారేమో. తగ్గదు! నిరోధం తగ్గితే కరెంటు ఉరికి వస్తుంది, పని త్వరగా అయిపోతుంది, నష్టం మాత్రం కచ్చితంగా ఆ సగమే. చేరిన సగమూ ఖాళీ చేసేటప్పుడు వేడిగా పోతుంది. లెక్క కడితే ఒక్కో ఆవృత్తికి అయ్యే ఖర్చు కెపాసిటెన్స్‌ను వోల్టేజి వర్గంతో గుణించినంత. దాన్ని సెకనుకు ఎన్ని ఆవృత్తులో వాటితో గుణిస్తే వాట్లు. వర్గం అన్న మాట దగ్గర ఆగండి, కథంతా అక్కడే ఉంది.

6 గిగాహెర్ట్జ్ దగ్గర ఒక టిక్కు నిడివి దాదాపు 167 పికోసెకన్లు. ఆ వ్యవధిలో కాంతి సైతం 5 సెంటీమీటర్లే పోగలదు. ఈలోగా సంకేతం వరసగా ఉన్న గేట్లన్నీ దాటి గమ్యం చేరాలి. గంట కొట్టేసరికి పిల్లాడు తరగతిలో లేకపోతే గైర్హాజరు పడినట్టే, ఇక్కడ ఆలస్యమైన ఒకటి సున్నాగా నమోదవుతుంది, కంప్యూటర్ తెర నీలమవుతుంది. గేట్లను తొందరపెట్టడానికి ఉన్న మార్గం వోల్టేజి పెంచడం. వేగం 10 శాతం, దానికోసం వోల్టేజి 10 శాతం పెంచారనుకోండి: 1.1 ఇంటూ 1.1 ఇంటూ 1.1, అంటే 33 శాతం ఎక్కువ వేడి. వేడెక్కిన చిప్‌లో లీకేజీ పెరుగుతుంది, అది అదనం.

ఈ వర్గాన్ని తేలిగ్గా తీసుకుని బోల్తాపడ్డవాళ్ళు చిన్నవాళ్ళేం కాదు. 1974లో ఐబీఎంకు చెందిన రాబర్ట్ డెనార్డ్ బృందం, ట్రాన్సిస్టర్‌ను కుదించినకొద్దీ వోల్టేజినీ తగ్గించవచ్చు, కాబట్టి చదరపు మిల్లీమీటరుకు పుట్టే వేడి పెరగదు అని చూపించింది. దశాబ్దాలపాటు అలాగే సాగింది. పెంటియం 4 రోజుల్లో ఇంటెల్ 10 గిగాహెర్ట్జ్ గురించి మాట్లాడింది. కానీ వోల్టేజిని ఒక స్థాయి దాటి దించితే, ఆపిన స్విచ్‌లోంచి కూడా కరెంటు కారుతూనే ఉంటుంది. పెంటియం 4 చివరికి 3.8 దగ్గర ఆగిపోయింది. 4 గిగాహెర్ట్జ్ చిప్ రద్దయ్యాక, 2004 అక్టోబరులో కంపెనీ అధిపతి క్రెయిగ్ బారెట్ ఒక సదస్సు వేదికపై మోకాళ్ళ మీద కూర్చుని మన్నించమన్నారు. ఏఎండీ మాత్రం తక్కువ తిందా? 2013లో 5 గిగాహెర్ట్జ్ కోసం ఎఫ్ఎక్స్-9590కి 220 వాట్లు తాగించింది.

ఓవర్‌క్లాకింగ్‌కు మంచి రోజులంటే 1998వి. 300 మెగాహెర్ట్జ్‌ల చవక సెలెరాన్ 300ఎ చాలామంది చేతుల్లో 450కి పరుగెత్తింది, ఎందుకంటే కంపెనీ అంత మిగులు వదిలేసింది. ఇప్పుడా మిగులును టర్బో పేరుతో కంపెనీయే తినేస్తోంది. అతిగా తింటే ఏమవుతుందో 2024లో చూశాం: మోతాదు మించిన వోల్టేజి వల్ల కొన్ని 13, 14 తరాల చిప్‌లు దెబ్బతింటున్నాయని ఇంటెల్ ఒప్పుకుంది, మైక్రోకోడ్ మార్చింది, వారంటీ రెండేళ్ళు పొడిగించింది.

9800ఎక్స్3డి తెలివి వేరు. గడియారాన్ని తరమకుండా 96 మెగాబైట్ల ఎల్3 క్యాష్ అనే చురుకైన మెమరీని కోర్ల చెంతనే పెట్టుకుంది, డేటా కోసం ర్యామ్ దాకా పోయే పని తగ్గింది. ముందు తరాల్లో ఆ క్యాష్ కోర్ల నెత్తిన ఉండి వేడిని ఆపేది, అందుకే మామూలు ఓవర్‌క్లాకింగ్‌కు తాళం. ఇందులో క్యాష్ కిందికెళ్ళింది, తాళం తీశారు.

సరే, అడిగింది చెప్పాలిగా. ఆటలకైతే 479 డాలర్లకు విడుదలైన 9800ఎక్స్3డి చాలు, 589 డాలర్లకు విడుదలైన 14900కె అక్కర్లేదు. వీడియో రెండరింగ్ లాంటివైతే 24 కోర్లు పనికొస్తాయి, కానీ 253 వాట్లంటే నాలుగు గంటలకో యూనిట్. బయోస్‌లోకెళ్ళి పరిమితిని 125కి దించండి, వేగం సగమేమీ అయిపోదు. పైగా మామూలు కూలర్ ఎంత గొప్పదైనా చిప్‌ను గది గాలికంటే చల్లబరచలేదు. 25 డిగ్రీల గదిలో 85 చూపించే చిప్, అదే పనికి మీ మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీల గదిలో 100 తాకి తనంతట తానే నెమ్మదిస్తుంది. అక్కడ ఓవర్‌క్లాకింగ్‌కు ముందు ఏసీ కొనాలి.