అతిథుల కోసం ఆగే వంటకం: బేక్డ్ బీన్స్

అమెరికాలో మే నెల చివరి సోమవారం వచ్చే మెమోరియల్ డే నుంచి సెప్టెంబరు మొదటి సోమవారం వచ్చే లేబర్ డే దాకా సాగే వేసవి విందుల్లో, ముఖ్యంగా జూలై 4న జరిగే స్వాతంత్ర్య దినోత్సవపు పెరటి భోజనాల్లో, నిప్పుల మీద కాల్చిన పదార్థాల పక్కన తరచుగా కనిపించే వంటకం బేక్డ్ బీన్స్. ఎండు బీన్స్ గింజలను ఉడికించి, తీపి, పులుపు, ఆవ ఘాటు కలిసిన చిక్కని రసంలో వేసి, ఓవెన్‌లో నిదానంగా మగ్గనిస్తే తయారయ్యే ఈ వంటకం ప్రధాన భోజనం కాదు, దానికి తోడుగా వడ్డించే పక్క వంటకం మాత్రమే. అయినా పదిమంది కూడే చోట దీనికి స్థిరమైన స్థానం దక్కడానికి రుచి ఒక్కటే కారణం కాదు. గంటల ముందు వండి పెట్టినా, మళ్లీ మళ్లీ వేడి చేసినా గింజ చితికి ముద్ద కాకుండా నిలబడే గుణం దీనికి ఉంది. ఆ గుణం ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకుంటే, ఈ వంటకపు చరిత్రతో పాటు దీన్ని సులువుగా వండే పద్ధతి కూడా అర్థమవుతుంది.

ఏ గింజ?

బేక్డ్ బీన్స్‌కు సాధారణంగా వాడేది నేవీ బీన్ అనే చిన్న తెల్లని గింజ. అమెరికా నౌకాదళం 19వ శతాబ్దం నుంచి నావికుల ఆహారంలో దీన్ని విరివిగా వాడినందువల్ల దీనికి ఆ పేరు స్థిరపడింది. శాస్త్రజ్ఞులు ఫేసియోలస్ వల్గారిస్ అని పిలిచే ఒకే జాతిలో ఇది ఒక రకం. తెలుగు ప్రాంతాల కూరగాయల దుకాణాల్లో బీన్స్ పేరుతో అమ్మే పచ్చికాయ, కిరాణా దుకాణాల్లో దొరికే ఎర్ర రాజ్మా, ఈ తెల్లని నేవీ బీన్ మూడూ ఆ జాతికి చెందినవే కాగా, కాయను లేతగా కోశారా, గింజ ముదిరి ఎండేదాకా ఉంచారా, గింజ రంగూ పరిమాణమూ ఎలాంటివి అన్నవే వాటి మధ్య తేడాలు. ఈ జాతి పుట్టిల్లు అమెరికా ఖండాలు. మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతంలో ఒకసారి, దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వత ప్రాంతంలో మరొకసారి, విడివిడిగా మనిషి దీన్ని సాగులోకి తెచ్చుకున్నాడు. తెలుగువారికి చిరకాలంగా తెలిసిన అలసందలు, అంటే బొబ్బర్లు, ఆఫ్రికా మూలం గల వేరొక జాతి కాబట్టి వాటిని ఈ గింజలకు తోబుట్టువులుగా కాక దూరపు చుట్టాలుగా భావించాలి.

శనివారపు కుండ

అమెరికా ఈశాన్య తీరంలోని న్యూ ఇంగ్లండ్ ప్రాంతంలో 17వ శతాబ్దంలో స్థిరపడిన ప్యూరిటన్లు, అంటే నిష్ఠగా మతాచారాలు పాటించిన ఆంగ్ల ప్రొటెస్టెంట్లు, శనివారం సూర్యాస్తమయం నుంచి ఆదివారం సాయంత్రం దాకా విశ్రాంతి దినంగా ఎంచి, ఆ సమయంలో వంటతో సహా పనులన్నీ మానుకునేవారు. అందువల్ల శనివారం పగలే బీన్స్ కుండను ఇటుక పొయ్యిలో పెట్టి, ఆ రాత్రి భోజనానికి కొంత వడ్డించుకుని, మిగిలినది పొయ్యి వేడిలోనే ఉంచి మర్నాటి ఉదయం తినడం ఆనవాయితీ అయింది. దీనితో పాటు రై పిండి, మొక్కజొన్న పిండి, గోధుమ పిండి కలిపి ఆవిరి మీద ఉడికించిన బ్రౌన్ బ్రెడ్ తినేవారు. బోస్టన్ నగరంలో రొట్టెల బట్టీలవారు ఇళ్ల నుంచి బీన్స్ కుండలు పోగుచేసుకుని వెళ్లి, తమ పొయ్యిల్లో మగ్గబెట్టి తిరిగి ఇచ్చే ఏర్పాటు కూడా ఉండేది. ఆ నగరానికి బీన్‌టౌన్ అనే ముద్దుపేరు రావడానికి ఈ వంటకమే ఆధారం, 1993లో మసాచుసెట్స్ రాష్ట్రం బేక్డ్ నేవీ బీన్‌ను తన అధికారిక బీన్‌గా ప్రకటించుకోవడం ఆ అనుబంధానికి కొనసాగింపు. మరింత ఉత్తరాన ఉన్న మెయిన్ రాష్ట్రంలో నేలలో గొయ్యి తవ్వి, రాళ్లు పరిచి, కట్టెలు కాల్చి నిప్పులు చేసి, వాటి మధ్య ఇనుప కుండను దించి మట్టి కప్పి రాత్రంతా వదిలేసే పద్ధతి కలప కూలీల శిబిరాల్లో ప్రసిద్ధి పొందింది, సామూహిక భోజనాల్లో నేటికీ నిలిచి ఉంది.

ఈ వంటకానికి నల్లని రంగు, గాఢమైన తీపి ఇచ్చేది మొలాసిస్, అంటే చెరకు రసాన్ని కాచి పంచదార స్ఫటికాలను వేరు చేశాక మిగిలే చిక్కని నల్లని మడ్డి పాకం. బానిసల శ్రమతో నడిచిన కరీబియన్ దీవుల చెరకు తోటల నుంచి ఇది ఓడల మీద బోస్టన్ రేవుకు చేరేది. అయితే లిడియా మరియా చైల్డ్ 1829లో ప్రచురించిన గృహిణుల పుస్తకంలోని బీన్స్ వంట విధానంలో మొలాసిస్ ప్రస్తావన లేదు కాబట్టి, ఇప్పుడు బోస్టన్ రుచిగా పేరుపడిన తీపి ఆనాటికి అందరి కుండల్లోనూ తప్పనిసరి కాలేదని భావించవచ్చు. ఆ తర్వాతి కాలంలో తీపి స్థిరపడింది, డబ్బా పరిశ్రమ వచ్చి వంటకాన్ని సముద్రాలు దాటించింది. 1886లో హైంజ్ సంస్థ డబ్బాలు లండన్‌లోని ఫోర్ట్‌నమ్ అండ్ మేసన్ దుకాణంలో ఖరీదైన విదేశీ సరుకుగా అమ్ముడయ్యాయి. కాలక్రమంలో బ్రిటన్‌లో మొలాసిస్ స్థానాన్ని టమాటా రసం ఆక్రమించగా, కాల్చిన రొట్టె మీద వేసుకుని తినే రోజువారీ ఆహారంగా అది మారిపోయింది.

ముద్ద కాకపోవడానికి కారణం

గింజలోని కణాల గోడలను ఒకదానితో ఒకటి అతికించి ఉంచే పదార్థాల్లో ముఖ్యమైనది పెక్టిన్. నీటిలో మరిగినప్పుడు పెక్టిన్ కరిగి, కణాలు విడిపోయి, గింజ మెత్తబడుతుంది. అయితే పులుపు పెక్టిన్‌ను కరగకుండా నిలిపితే, కాల్షియం ఆ అతుకులను మరింత బిగిస్తుంది, చక్కెర గింజలోకి నీరు చేరే వేగాన్ని తగ్గిస్తుంది. మొలాసిస్‌లో చక్కెర, కాల్షియం, కొంత ఆమ్లగుణం మూడూ ఉన్నందువల్ల, అది కలిసిన రసంలో గింజ గంటల తరబడి మగ్గినా చితికిపోదు. తెలుగు ఇళ్లలో పప్పు ఉడకకముందే చింతపండు వేస్తే పలుకుగా మిగిలిపోతుందనే జాగ్రత్త వెనుక ఉన్నది కూడా ఇదే సూత్రం. పప్పు విషయంలో అది తప్పించుకోవలసిన దోషం కాగా, బీన్స్ విషయంలో సమయం చూసి వాడుకోవలసిన ఉపాయం. కాబట్టి గింజ పూర్తిగా మెత్తబడిన తర్వాతే తీపి, పులుపు కలపాలన్నది ఈ వంటలో మొదటి నియమం. దీన్ని పాటించకపోతే ఓవెన్‌లో ఎంతసేపు ఉంచినా గింజ పలుకు వీడదు.

ఎండు గింజలతో

పది, పన్నెండు మందికి 450 గ్రాముల ఎండు గింజలు సరిపోతాయి. వాటిని ఏరి కడిగి, రెండు లీటర్ల నీటిలో ఒకటిన్నర టేబుల్ స్పూన్ల ఉప్పు కలిపి రాత్రంతా నానబెట్టాలి. ఉప్పులోని సోడియం గింజ తోలులో ఉన్న కాల్షియం స్థానంలోకి చేరడం వల్ల తోలు మెత్తగా ఉడుకుతుంది. నానిన నీటిని పారబోసి, కొత్త నీటిలో మొదట పది నిమిషాలు బాగా తెర్లించి, ఆ పైన సన్నని మంట మీద ముప్పావు గంట నుంచి గంటంబావు దాకా ఉడికించాలి. నాలుగైదు గింజలు చెంచాలోకి తీసి ఊదితే తోలు చిట్లి విడిపోవాలన్నది న్యూ ఇంగ్లండ్ వంటవాళ్ల పాత పరీక్ష. బోరు నీటిలో సున్నపు గుణం ఎక్కువైతే గింజ త్వరగా ఉడకదు కాబట్టి చిటికెడు వంట సోడా వేయవచ్చు, అంతకు మించితే సబ్బు వాసన వస్తుంది.

ఉడికిన గింజలను లోతైన పాత్రలోకి మార్చి, ఒక ఉల్లిపాయ, 80 మిల్లీలీటర్ల మొలాసిస్, రెండు టేబుల్ స్పూన్ల బ్రౌన్ షుగర్, రెండు టీ స్పూన్ల ఆవపొడి, మిరియాల పొడి, తగినంత ఉప్పు కలిపి, ఉడికించిన నీటినే గింజలు మునిగేలా పోయాలి. సంప్రదాయ పద్ధతిలో ఉప్పులో ఊరబెట్టిన పంది కొవ్వు ముక్కను కూడా వేస్తారు, అది వద్దనుకునేవారు వెన్న లేదా నూనె వాడవచ్చు. మూత పెట్టి 135 డిగ్రీల సెల్సియస్, అంటే 275 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడిలో నాలుగు గంటలు ఉంచి, మధ్యలో నీరు ఇగిరితే వేడినీరు పోస్తూ, చివరి గంటలో మూత తీసి పైభాగం ముదురు రంగు తిరిగేలా చూడాలి.

డబ్బా గింజలతో

నానబెట్టడం, ఉడికించడం అనే రెండు దశలూ డబ్బాలోని గింజలకు అప్పటికే పూర్తయి ఉంటాయి కాబట్టి, వాటితో వంట గంటలో ముగుస్తుంది. ఒక్కొక్కటి సుమారు 425 గ్రాములు తూగే మూడు డబ్బాల సాదా తెల్ల బీన్స్‌ను వార్చి కడగాలి. ఒక పెద్ద ఉల్లిపాయను సన్నగా తరిగి రెండు టేబుల్ స్పూన్ల నూనెలో బంగారు రంగు వచ్చేదాకా వేయించి, అరకప్పు టమాటా కెచప్, పావుకప్పు మొలాసిస్, రెండు టేబుల్ స్పూన్ల బ్రౌన్ షుగర్, ఒక టేబుల్ స్పూన్ ఆవ పేస్టు, ఒక టేబుల్ స్పూన్ వెనిగర్, అర టీ స్పూన్ పొగబెట్టిన పాప్రికా, అంటే కారం తక్కువగా ఉండే ఎర్రమిరప పొడి, అరకప్పు నీరు కలపాలి. గింజలు చేర్చి వెడల్పైన పాత్రలో పరిచి, మూత లేకుండా 175 డిగ్రీల సెల్సియస్, అంటే 350 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడిలో 45 నుంచి 60 నిమిషాలు ఉంచితే, రసం చిక్కబడి అంచుల్లో బుడగలు లేస్తాయి. బయటికి తీసిన పావుగంటలో అది ఇంకా చిక్కబడుతుంది కాబట్టి, కాస్త పలుచగా ఉన్నప్పుడే ఓవెన్ ఆపడం మేలు.

మొలాసిస్ దొరకని చోట ముదురు బెల్లాన్ని పాకం చేసి వాడుకోవచ్చు. దానిలో మొలాసిస్‌కు ఉండే చేదు జీర ఉండదు కాబట్టి బ్రౌన్ షుగర్ తగ్గించి ఆవ ఘాటు పెంచితే రుచి సమతూకానికి వస్తుంది. ఓవెన్ లేని ఇంట్లో అడుగు మందంగా ఉన్న గిన్నెలో, సన్నని సెగ మీద, అడుగంటకుండా అప్పుడప్పుడు కలుపుతూ మగ్గించవచ్చు, కాకపోతే పైన కట్టే ముదురు పొర మాత్రం దక్కదు.

విందులో వడ్డించేటప్పుడు

పక్క వంటకంగా మనిషికి అరకప్పు చొప్పున లెక్క వేసుకుంటే చాలు, మరిన్ని పక్క వంటకాలు ఉంటే ఇంకా తక్కువ సరిపోతుంది. ముప్పై మందికి కొలతలు మూడింతలు చేసినప్పుడు, అంతా ఒకే లోతైన పాత్రలో పోస్తే రసం చిక్కబడటానికి చాలాసేపు పడుతుంది కాబట్టి రెండు మూడు వెడల్పైన పాత్రల్లో పంచడం మంచిది. ముందురోజే వండి పెడితే గింజ రసాన్ని పీల్చుకుని రుచి పెరుగుతుంది, అయితే దానిని తక్కువ లోతున్న పాత్రల్లోకి మార్చి వెంటనే ఫ్రిజ్‌లో పెట్టాలి. ఉడుకు వేడికి కూడా చావని బీజరూపంలో మిగిలే కొన్ని సూక్ష్మజీవులు గోరువెచ్చని వంటకంలో వేగంగా పెరుగుతాయి కాబట్టి, వడ్డన సమయంలో వంటకాన్ని 60 డిగ్రీల సెల్సియస్ పైన ఉంచాలి, లేదా రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి చేర్చాలి, ఎండ 32 డిగ్రీలు దాటిన రోజున ఆ గడువు ఒక గంటే.

అంతకంటే ముఖ్యమైన జాగ్రత్త మరొకటి ఉంది. పచ్చి బీన్స్ గింజల్లో, ముఖ్యంగా ఎర్ర రాజ్మాలో, ఫైటోహీమగ్లూటినిన్ అనే విషగుణం గల ప్రొటీన్ ఉంటుంది. నాలుగైదు పచ్చి ఎర్ర గింజలే తీవ్రమైన వాంతులు, విరేచనాలు కలిగించగలవు. బాగా తెర్లే నీటిలో అది నశిస్తుంది కానీ, 80 డిగ్రీల దగ్గర ఆగిపోయే వేడిలో దాని తీవ్రత పచ్చి గింజలో కంటే పెరుగుతుంది. అందువల్ల నానిన గింజలను తెర్లించకుండా నేరుగా స్లో కుక్కర్‌లో, అంటే తక్కువ వేడితో గంటల తరబడి వండే విద్యుత్ పాత్రలో, వేయడం ప్రమాదకరం. డబ్బా గింజలు అధిక వేడిలో ఉడికినవి కాబట్టి వాటికి ఈ భయం లేదు.

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు పాట్‌లక్‌లకు, అంటే తలా ఒక వంటకం తెచ్చి పంచుకునే విందులకు వెళ్లినప్పుడు గమనించవలసిన విషయం ఒకటుంది. తయారుగా దొరికే బేక్డ్ బీన్స్ డబ్బాల్లో చాలావాటిలో పంది మాంసమో కొవ్వో ఉంటుంది, రుచి కోసం కొందరు కలిపే వూస్టర్ సాస్‌లో సాధారణంగా ఆంకోవీ అనే చేప ఉంటుంది. ఇంట్లో వండినది శాకాహారమైతే ఆ మాట చిన్న చీటీ మీద రాసి పాత్ర పక్కన పెట్టడం అతిథులందరికీ మేలు.

నానబెట్టి వండే పద్ధతికి ఒక రాత్రి, ఒక పగలు కావాలి, డబ్బాతో వండే పద్ధతికి ఒక గంట చాలు. పైన ముదురు పొర, లోపల రసం పట్టిన గింజ కావాలనుకునేవారికి మొదటిది తగినది, విందు రోజున చేతికి పది పనులున్నవారికి రెండోది. ఏది ఎంచుకున్నా గింజ మెత్తబడ్డాకే తీపి, పులుపు పడితే, అతిథులు ఎంత ఆలస్యంగా వచ్చినా గింజ ముద్ద కాకుండా ఆగుతుంది.