కొత్వాల్ చావడి నుంచి కోయంబేడుకు: చెన్నై కూరగాయల మార్కెట్ కథ

చెన్నైలో ఏ వీధి కొట్లో టమాటా కొన్నా, అది కోయంబేడు టోకు మార్కెట్ మీదుగా వచ్చి ఉండే అవకాశమే ఎక్కువ. మదనపల్లె, కోలారు టమాటా, మహారాష్ట్ర ఉల్లి, నీలగిరి క్యారెట్ రాత్రి లారీల్లో దిగి, తెల్లవారేసరికి చిల్లర వ్యాపారుల చేతికి చేరతాయి. ఇంత పెద్ద నగరం ఒకే చోటుపై ఇంతగా ఎలా ఆధారపడింది?

1996కు ముందు ఈ వ్యాపారమంతా జార్జ్‌టౌన్‌లోని కొత్వాల్ చావడిలో సాగేది. దీనికి తెలుగువారితో గట్టి సంబంధమే ఉంది. ఆ మార్కెట్ స్థలం ఆర్యవైశ్యుల శ్రీ కన్యకా పరమేశ్వరి దేవస్థానానిది. రేవు, రైల్వే స్టేషన్లు దగ్గరలోనే ఉండటం వ్యాపారానికి కలిసొచ్చింది. కానీ చేతిబళ్ల కాలంలో సరిపోయిన సందులు లారీలకు చాలలేదు. ట్రాఫిక్, కుళ్లిన సరుకు, చెత్త నగరానికి తలనొప్పిగా మారాయి.

దాంతో చెన్నై మహానగరాభివృద్ధి సంస్థ పశ్చిమ శివారున, కోయంబేడులో, దాదాపు 295 ఎకరాల్లో కొత్త సముదాయాన్ని చేపట్టింది. మార్కెట్ 1996లో మొదలైంది. అయితే స్థలం చూపించగానే వ్యాపారం కదిలిరాదు. పాత ఖాతాదారులు, గోదాములు, అప్పుల లావాదేవీలు ఆ సందుల్లోనే అల్లుకుని ఉంటాయి. అందుకే కూరగాయల వంటి సరుకుల టోకు వ్యాపారం ఎక్కడ జరగాలో నిర్దేశించే చట్టాన్ని తమిళనాడు ప్రభుత్వం అదే ఏడాది తెచ్చింది.

తర్వాత నగరమే మార్కెట్‌ను చుట్టేసింది. 2002లో పక్కనే పెద్ద బస్ టెర్మినల్ వచ్చింది. ఒకప్పటి శివారు నగరం నడిబొడ్డయింది, రద్దీ సమస్య మళ్లీ మొదటికొచ్చింది.

ఈ ఏర్పాటులోని బలహీనత 2020లో బయటపడింది. కోవిడ్ కేసులు పెరగడంతో మే 5న మార్కెట్‌ను మూసేశారు. అప్పటికే ఊళ్లకు వెళ్లిపోయిన కూలీల ద్వారా కడలూరు, విళుపురం, అరియలూరు జిల్లాలకూ వైరస్ పాకింది. కూరగాయల వ్యాపారాన్ని తిరుమళిశైకి, పండ్లను మాధవరానికి తాత్కాలికంగా మార్చారు. కూరగాయల టోకు దుకాణాలు సెప్టెంబర్ 28న గానీ తిరిగి తెరుచుకోలేదు.

సరుకంతా ఒకేచోటికి రావడంలో లాభం లేకపోలేదు. కొనేవారు, అమ్మేవారు ఎక్కువైతే ధర తేలుతుంది. చిన్న వ్యాపారికి ఒక్క ప్రయాణంలోనే అన్నీ దొరుకుతాయి. అయితే ఆ ఒక్క గేటు మూతపడితే, కోతకొచ్చిన టమాటా ఆగదు. నష్టం మొదట రైతుకు, హమాలీకి, తోపుడుబండి వ్యాపారికే. చిరునామా మారిస్తే రద్దీ కొన్నేళ్లు వెనక్కి తగ్గుతుంది. సరుకుకు రెండో దారి ఉంటే తప్ప ఈ ముప్పు తగ్గదు.