కరవు సీమలో కార్ల తయారీ.. నీటి లెక్కే కీలకం

పెనుకొండ: ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల మేర మాత్రమే వర్షం కురిసే ప్రాంతమిది. బోర్లు వందల అడుగులు దిగినా నీరు పడని పల్లెలు అనేకం. ఇలాంటి చోట ఏటా లక్షల కార్లు తయారుచేసే కర్మాగారం వెలసింది. అది ఎన్ని ఉద్యోగాలిస్తుందన్న ప్రశ్నతో పాటు ఎంత నీరు వాడుతుంది, వాడిన నీటిని ఏం చేస్తుందన్న ప్రశ్న కూడా మొదటి నుంచీ ఉంది. పరిశ్రమలు తరచూ చెప్పే ‘సుస్థిర ఉత్పత్తి’ అన్న మాటకు పెనుకొండ, హిందూపురం, ధర్మవరం ప్రాంతాల్లో ముందుగా స్ఫురించే అర్థం నీరే.

దక్షిణ కొరియాకు చెందిన కియా సంస్థ 2017 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం కుదుర్చుకుంది. పెనుకొండ మండలం ఎర్రమంచి వద్ద 536 ఎకరాల్లో, సుమారు 110 కోట్ల డాలర్ల పెట్టుబడితో కర్మాగారాన్ని నిర్మించింది. 2019 జనవరిలో ప్రయోగాత్మకంగా ఉత్పత్తి మొదలైంది. అదే ఏడాది డిసెంబరులో ప్రారంభోత్సవం జరిగింది. ఏటా 3 లక్షల కార్ల సామర్థ్యంతో దీన్ని నెలకొల్పారు. కర్మాగారంలో వాడిన నీటిని నూటికి నూరు శాతం శుద్ధి చేసి తిరిగి వినియోగిస్తామని సంస్థ ప్రకటించింది. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఉన్న ఈ ప్రాంతం 2022 ఏప్రిల్‌లో శ్రీసత్యసాయి జిల్లాలోకి వచ్చింది.

ఒకే జలాశయం.. ఎన్నో అవసరాలు

కర్మాగారానికి నీరు గొల్లపల్లి జలాశయం నుంచి వస్తుంది. ఈ జలాశయాన్ని నింపేది హంద్రీ-నీవా పథకం. శ్రీశైలం వెనుక జలాలను మాల్యాల వద్ద ఎత్తిపోసి, దశలవారీగా పైకి తోడుతూ జీడిపల్లి మీదుగా ఇక్కడికి తెస్తారు. వందల కిలోమీటర్ల కాలువ ప్రయాణం తర్వాత అందే కృష్ణా జలాలివి. పథకం కృష్ణా వరద నీటిపై ఆధారపడినది కావడంతో ఎగువన వానలు తగ్గిన ఏడాది ఆ ప్రభావం ఇక్కడి దాకా ఉంటుంది.

హిందూపురం పట్టణ దాహార్తిని తీర్చేందుకు అమృత్ పథకం కింద పైపులైను వేసిందీ ఈ జలాశయం నుంచే. ఏళ్ల తరబడి ట్యాంకర్ల కోసం ఎదురుచూసిన పట్టణమది. చెరువులు నిండాలని, పొలాలకు తడి అందాలని కోరే రైతులూ ఇదే నీటివైపు చూస్తున్నారు. కర్మాగారం ఒక లీటరు పొదుపు చేస్తే ఆ లీటరు మరొకరి అవసరానికి మిగులుతుంది. పైగా ఇది కరెంటుతో తోడి తెచ్చిన నీరు. అందువల్ల నీటి పొదుపు విద్యుత్ పొదుపు కూడా అవుతుంది.

రంగుల విభాగమే అసలు పరీక్ష

కార్ల కర్మాగారంలో ప్రధానంగా నాలుగు విభాగాలుంటాయి. ఉక్కు రేకులను అచ్చుల్లో నొక్కి ఆకృతి ఇచ్చేది ఒకటి. వాటిని అతికి కారు చట్రంగా మలిచేది రెండోది. రంగులు వేసేది మూడోది. విడిభాగాలు బిగించేది నాలుగోది. వీటిలో నీటిని, శక్తిని అత్యధికంగా తీసుకునేది రంగుల విభాగమే.

రంగు వేయడానికి ముందు కారు చట్రంపై నూనె జిడ్డు పోయేలా కడగాలి. తుప్పు పట్టకుండా రసాయన పూత ఇవ్వాలి. తర్వాత చట్రాన్ని తొట్టెలో ముంచి విద్యుత్ సాయంతో తొలి పూత అంటిస్తారు. ప్రతి దశ తర్వాత శుభ్రమైన నీటితో కడగక తప్పదు. అలా వెలువడిన నీటిలో నూనెలు, లోహాల అవశేషాలు, రంగు కణాలు ఉంటాయి. శుద్ధి చేయకుండా వదిలితే నేల, భూగర్భ జలం కలుషితమవుతాయి.

శుద్ధి ఇలా..

మురుగునీటిని ముందుగా ఒక తొట్టెలోకి చేర్చి ఆమ్ల, క్షార గుణాలను సమం చేస్తారు. రసాయనాలు కలిపి లోహాలను, రంగు కణాలను ముద్దగా అడుగుకు దించుతారు. తర్వాత సూక్ష్మజీవుల సాయంతో సేంద్రియ మలినాలను తొలగిస్తారు. చివరగా అతి సన్నని పొరల గుండా ఒత్తిడితో పంపి లవణాలను వేరుచేస్తారు. ఇళ్లలోని ఆర్వో యంత్రం పనిచేసే తీరు కూడా ఇదే. శుద్ధమైన నీరు మళ్లీ పనికి వెళ్తుంది. మిగిలిన చిక్కని ఉప్పునీటిని మరిగించి ఆవిరి చేస్తే ఘన లవణం మిగులుతుంది. దాన్ని, అడుగున చేరిన బురదను ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం అనుమతి ఉన్న కేంద్రాలకు పంపాలి. బయటకు చుక్క మురుగునీరు కూడా వదలని ఈ పద్ధతిని ‘జీరో లిక్విడ్ డిశ్చార్జ్’ అంటారు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. వాడిన నీరంతా శుద్ధి చేసినా కొత్త నీటి అవసరం పూర్తిగా పోదు. శీతలీకరణ టవర్లలో కొంత ఆవిరవుతుంది. తాగడానికి, వంటశాలకు కొంత కావాలి. ఉదాహరణకు ఒక పరిశ్రమ రోజుకు 100 లీటర్లు వాడితే అందులో 40 లీటర్లు ఆవిరయ్యాయనుకుందాం. మిగిలిన 60 లీటర్లను పూర్తిగా తిరిగి వాడినా మరుసటి రోజు 40 లీటర్లు బయటి నుంచి తెచ్చుకోవాల్సిందే. కాబట్టి శుద్ధి శాతం ఒక్కటే చూస్తే చాలదు. ఒక్కో కారుకు ఎంత కొత్త నీరు ఖర్చవుతోంది, అది ఏటా తగ్గుతోందా అన్నదే అసలు కొలమానం. మరోవైపు ఉప్పునీటిని మరిగించేందుకు శక్తి బాగా ఖర్చవుతుంది. ఆ శక్తి బొగ్గు నుంచి వస్తే నీటి సమస్య తీరి పొగ సమస్య పెరుగుతుంది.

కరెంటు, కర్బనం లెక్క

2045 నాటికి కర్బన తటస్థత సాధిస్తామని కియా మాతృసంస్థ 2021లో ప్రకటించింది. 2019తో పోలిస్తే ఉద్గారాలను 97 శాతం తగ్గించడం లక్ష్యంగా పెట్టుకుంది. పూర్తిగా పునరుత్పాదక విద్యుత్తునే వాడతామని ప్రతిజ్ఞ చేసే అంతర్జాతీయ కూటమి ‘ఆర్ఈ 100’లో 2022లో చేరింది. ఇందుకు 2040ని గడువుగా పెట్టుకుంది. ఎండకు కొదవలేని ఈ జిల్లాలో సౌర విద్యుత్తుకు అవకాశాలు అపారం. ఎన్‌పీ కుంట సౌర పార్కు ఇందుకు నిదర్శనం.

అయితే కారు వల్ల వెలువడే కర్బనంలో కర్మాగారం వాటా కొంతే. పెట్రోలు, డీజిల్ కారు జీవితకాలంలో వెలువరించే పొగలో అత్యధిక భాగం అది రోడ్డుపై తిరిగేటప్పుడే వస్తుంది. ఉక్కు, విడిభాగాల తయారీలోనూ గణనీయంగా ఉంటుంది. అందుకే ఏ వాహనాలు తయారుచేస్తున్నారన్నదీ పర్యావరణ లెక్కలోకి వస్తుంది. 2025 జులైలో కియా దేశీయంగా తయారైన తన తొలి విద్యుత్ కారు కారెన్స్ క్లావిస్ ఈవీని విడుదల చేసింది. పాతబడిన వాహనాలను తుక్కుగా మార్చి లోహాలను తిరిగి రాబట్టే బాధ్యతను ఉత్పత్తిదారులపై ఉంచే కేంద్ర నిబంధనలు 2025 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి.

రవాణాలోనూ పొదుపునకు అవకాశముంది. పెనుకొండ రైల్వేస్టేషన్ నుంచి ప్రత్యేక వ్యాగన్లలో కార్లను ఉత్తరాది రాష్ట్రాలకు పంపుతున్నారు. లారీలతో పోలిస్తే దూర ప్రయాణంలో రైలుకు ఇంధన ఖర్చు, పొగ తక్కువ.

ధర్మవరంలోనూ ఇదే ప్రశ్న

భౌగోళిక గుర్తింపు పొందిన ధర్మవరం పట్టుచీరలకూ నీటితో విడదీయరాని బంధం ఉంది. ముడి పట్టు బరువులో 20 నుంచి 25 శాతం వరకు జిగురు ఉంటుంది. సబ్బు, సోడాతో ఉడకబెడితేనే అది పోయి దారానికి మెరుపు వస్తుంది. ఆపై రంగుల అద్దకం, మళ్లీ మళ్లీ కడగడం. జిగురు, రంగు కలిసిన ఆ నీరు కాలువల్లోకి చేరితే పట్టణానికే నష్టం.

పెద్ద కర్మాగారానికి సొంత శుద్ధి కేంద్రం భారం కాకపోవచ్చు. నాలుగు గంగాళాలతో అద్దకం సాగించే కుటుంబానికి అది సాధ్యం కాదు. హిందూపురం సమీపంలోని తూముకుంట వంటి పారిశ్రామికవాడల్లోని చిన్న యూనిట్లదీ ఇదే ఇబ్బంది. ఇలాంటి వాటికి ఉమ్మడి శుద్ధి కేంద్రాలే మార్గం. వ్యర్థజలాన్ని ఒకచోటికి చేర్చి, వాడిన మేరకు రుసుము వసూలు చేస్తే ఖర్చు అందరికీ పంచబడుతుంది. చివర కడిగిన నీటిని తదుపరి విడత తొలి కడుగుకు వాడటం వంటి చిన్న మార్పులతోనూ వాడకం తగ్గుతుంది.

అడగాల్సినవి ఇవీ..

1974 నాటి జల కాలుష్య నివారణ చట్టం ప్రకారం పరిశ్రమ స్థాపనకు ఒకసారి, నడపడానికి మరోసారి కాలుష్య నియంత్రణ మండలి అనుమతి పొందాలి. ఆ అనుమతుల్లోనే నీటి వాడకం, వ్యర్థాలపై షరతులు ఉంటాయి. జలాశయం నుంచి ఎంత నీరు తీసుకున్నారు, ఒక్కో ఉత్పత్తికి ఎంత ఖర్చయింది, ప్రమాదకర వ్యర్థాలు ఎక్కడికి చేరాయి, చుట్టుపక్కల బోర్ల నీటి నాణ్యత ఎలా ఉంది అన్న వివరాలు ఏటా గ్రామస్థులకు అర్థమయ్యే తెలుగులో వెల్లడైతే అపోహలకు తావుండదు. వాన మొహం చాటేసిన ఏడాది జలాశయంలో నీరు తగ్గినప్పుడు పట్టణానికి, పొలానికి, పరిశ్రమకు వాటా తేల్చాల్సి వస్తుంది. ఆ నిర్ణయానికి ఆధారం కావాల్సినవి ఈ లెక్కలే.