రెండో రోజు లేచే కాళ్లు

ఆత్మకూరులో శ్రీశైలం బస్సెక్కితే దోర్నాల మీదుగా వంద కిలోమీటర్ల పైమాటే. అడవిదారి పడితే వెంకటాపురం నుంచి సుమారు 40 కిలోమీటర్లు. నాగలూటి వీరభద్రుడి గుడి, పెచ్చెరువు చెంచుగూడెం, మఠంబావి, భీముని కొలను, కైలాసద్వారం... మహాశివరాత్రికీ ఉగాదికీ మాత్రమే జనాన్ని రానిచ్చే ఈ దారిలో ఏటా వేలమంది నడుస్తారు. తొలి దూరనడక కోసం హిమాలయాల దాకా వెళ్లక్కర్లేదు, నల్లమల చాలు. అయితే అదీ తేలిక కాదు.

40 కిలోమీటర్లేగా అనుకునేవాళ్లకు లెక్క తప్పేది రెండో రోజున. పార్కు చుట్టూ పది కిలోమీటర్లు నడిచినవాడు ఇంటికొచ్చి సోఫాలో వాలిపోతాడు. అడవిలో ఆ వెసులుబాటు ఉండదు. పెచ్చెరువు దగ్గర నేలమీద పడుకుని లేచేసరికి పిక్కలు బిగుసుకుపోయి ఉంటాయి. ఆ కాళ్లతోనే భీముని కొలను లోయలోకి రాతిమెట్లు దిగాలి. దిగడంలో ఆయాసం ఉండదు కాబట్టి అది సుఖమనుకుంటాం. నిజానికి మెట్టు మెట్టుకూ ఒంటి బరువును ఆపుతూ తొడ కండరం సాగుతుంది. కండరం దెబ్బతినేది ఎక్కుడులో కన్నా దిగుడులోనే. ఆ నొప్పి అప్పటికప్పుడు తెలియదు, ఒకటి నుంచి మూడు రోజుల్లో ముదురుతుంది. లోయ అడుగుకు చేరాక కైలాసద్వారం దాకా మళ్లీ మెట్లెక్కడమే. కష్టమంతా కాళ్లు అలిసిపోయిన చివరి వేళకే ఉండటం ఈ దారి తీరు.

అందుకే సాధనలో ఎన్ని కిలోమీటర్లు నడిచామన్నదానికంటే వరసగా రెండు రోజులు నడిచామా అన్నదే చూసుకోవాలి. రెండు నెలల ముందు మొదలుపెడితే వారం మధ్యలో మామూలు నడక సరిపోతుంది. శనివారం నడిచినదాంట్లో సగమైనా ఆదివారం తెల్లారే నడవాలి, అదీ వీపున సంచితో. ఇక అపార్ట్‌మెంట్‌లో లిఫ్టులో పైకెళ్లి మెట్లమీదుగా దిగండి. వాచ్‌మన్ నవ్వుకుంటే నవ్వుకోనివ్వండి. ఒకసారి గట్టిగా దిగి నొప్పి చూసిన కండరం, తర్వాత కొన్ని వారాలపాటు అదే పనికి అంతగా దెబ్బతినదు.

ఉగాదికి కర్ణాటక నుంచి వందల కిలోమీటర్లు నడిచొచ్చే భక్తులు ఇదే దారిన వెళ్తారు. భ్రమరాంబ తమ ఇంటి ఆడపడుచని చీర, పసుపు, కుంకుమ తెస్తారు. (మల్లన్న మా అల్లుడని చెంచులూ అంటారు; ఇద్దరు మామల మధ్య మనం దూరకూడదు.) కొందరు కర్రకాళ్ల మీద కూడా నడుస్తారు. ఇదంతా భక్తి మహిమే అనేస్తే వాళ్ల కాళ్లకు అన్యాయం చేసినట్టే. నల్లమల చేరేసరికే రోజుల తరబడి నడిచి, తొలి బొబ్బలు మాని, వాళ్ల అరికాళ్లు మొద్దుబారి ఉంటాయి. 41 రోజుల మండల దీక్షలో చెప్పులు లేకుండా తిరిగే శివస్వాములకూ అంతే, ఆ దీక్షే పాదాలకు సాధన. వాళ్లను చూసి ముచ్చటపడి, నిన్నటిదాకా ఇంట్లో కూడా చెప్పులేసుకుని తిరిగినవాళ్లు ఉన్నట్టుండి వట్టికాళ్లతో బయల్దేరడం మొండితనం.

బూట్లతో వెళ్లేవాళ్లు వాటిని సాయంత్రం పూట కొనాలి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. బొటనవేలి ముందు కొంచెం ఖాళీ లేకపోతే దిగుడులో గోరు నల్లబడుతుంది. కొత్త జతతో అడవిలో అడుగుపెట్టకూడదు. బొబ్బ పుట్టేది రాపిడి వల్ల, చెమట దాన్ని పెంచుతుంది. చర్మం చురుక్కుమన్న క్షణమే ఆగి టేపు అంటించాలి. జట్టు ముందుకెళ్లిపోతోందని మొహమాటపడితే గంట తర్వాత ఆ జట్టే మీకోసం ఆగాల్సొస్తుంది.

ఉగాది నాటికి ఎండ ముదురుతుంది. ఏసీ గదిలో పనిచేసే ఒళ్లు వేడికి అలవాటుపడటానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది, కాబట్టి ఆఖరి పక్షం సాధన కాస్త ఎండ ఉండగానే చెయ్యాలి. ఓఆర్‌ఎస్ పొట్లాలు దొరక్కపోతే లీటరు నీళ్లకు ఆరు చెంచాల పంచదార, అరచెంచా ఉప్పు, చెంచాలు తలకొట్టి. దారిలో అన్నదానాలు ఉంటాయి కాబట్టి సంచిలో బొరుగులు, పల్లీ పట్టీలు చాలు. సంచి బరువు ఐదారు కిలోలు దాటనివ్వొద్దు.

ఈ అడవి దేశంలోకెల్లా పెద్ద పులుల అభయారణ్యం. చీకటిపడ్డాక ఒంటరిగా నడవొద్దు, ప్లాస్టిక్ పారెయ్యొద్దు, అటవీ సిబ్బంది దారి మూసిన సమయంలో వేరే కాలిబాట వెతకొద్దు. కైలాసద్వారం దగ్గర మెట్లు అయిపోయి, హటకేశ్వరం మీదుగా ఊళ్లోకి తారురోడ్డు మొదలవుతుంది. చెమటకు మెత్తబడిన పాదాలను గట్టి రోడ్డు తేలిగ్గా ఒరుస్తుంది. పొడి సాక్సుల ఆఖరి జత అక్కడికి దాచుకోండి.